గోషా ఆస్పత్రి నుంచి కళాక్షేత్రం దాకా: చెన్నైలో స్త్రీల చరిత్రను చూపించే ఒక రోజు యాత్ర

చెన్నైలో కాపురం పెట్టి ఇరవై రెండేళ్లు కావస్తోంది. మెరీనా ఒడ్డున కామరాజర్ సాలై మీదుగా ఎన్ని వందలసార్లు తిరిగానో లెక్క లేదు. అయినా ఆ రోడ్డుకు అటూ ఇటూ ఉన్న పాత భవనాలలో కొన్నింటికి ఈ దేశపు ఆడపిల్లల చదువుతో, వైద్యంతో ఎంత దగ్గరి సంబంధం ఉందో మొన్న ఫిబ్రవరి దాకా నాకు తెలియదు. నగరంలోని పాత కట్టడాలను తిప్పి చూపించే ఒక చిన్న బృందం, స్త్రీల చరిత్రకు సంబంధించిన చోట్లను మాత్రమే ఎంచుకుని శనివారాలలో ఒక రోజు యాత్ర నడుపుతోందని మా అపార్ట్‌మెంట్‌లో ఒకరు చెప్పారు. మనిషికి 1,800 రూపాయలు. అందులోనే వ్యాను, మధ్యాహ్న భోజనం, ప్రవేశ రుసుములు అన్నీ కలిసి ఉన్నాయి. మా అత్తయ్య, ప్లస్ వన్ (పదకొండో తరగతి) చదువుతున్న మా అమ్మాయి, నేను ముగ్గురం వెళ్లాం. ఆ యాత్ర ఎలా ఉన్నదీ, ఎక్కడ బాగున్నదీ, ఎక్కడ కొరత పడిందీ వివరంగా రాస్తే వెళ్లాలనుకునే తెలుగువారికి పనికి వస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా ఒక ఫిర్యాదు. ఉదయం ఏడున్నరకు బయలుదేరాల్సిన వ్యాను ఎనిమిదింబావుకు వచ్చింది. ఆ ముప్పావుగంట ఆలస్యం రోజంతా మమ్మల్ని తరుముతూనే ఉంది. చివరి రెండు చోట్ల దాని ఫలితం అనుభవించాం. పన్నెండు సీట్ల వ్యానులో పదకొండుమందిమి ఉన్నాం. మేము, ఒక మలయాళీ దంపతులు తప్ప అందరూ తమిళులే. మాతో వచ్చిన గైడ్ ఒక కళాశాలలో చరిత్ర బోధించే ఆవిడ. తమిళంలోను ఇంగ్లీషులోను మార్చి మార్చి చెప్పారు. గొంతు పెంచకుండా, పుస్తకం చూడకుండా, ఏది రూఢిగా తెలుసో ఏది జనం చెప్పుకునే మాటో విడదీసి చెప్పడం ఆవిడలో నాకు బాగా నచ్చిన గుణం.

మొదటి మజిలీ జార్జ్ టౌన్. వ్యాను లోపలికి వెళ్లే వీలు లేదు కాబట్టి దిగి నడిచాం. లింగి చెట్టి వీధి, తంబు చెట్టి వీధి అన్న పేర్లు చదువుతూ మా అత్తయ్య, "ఇవన్నీ మన పేర్లే కదమ్మాయ్" అన్నారు. ఆవిడ నెల్లూరులో తెలుగు పండితురాలిగా పనిచేసి రిటైరయ్యారు. ఈ నడకలో చూడడానికి ప్రత్యేకంగా ఒక కట్టడమంటూ ఏమీ చూపించలేదు. ఆ మాట విని కొందరికి నిరుత్సాహం కలగవచ్చు. నాకు మాత్రం ఈ రోజంతటిలో అత్యంత విలువైన గంట ఇక్కడే గడిచింది. కారణం బెంగళూరు నాగరత్నమ్మ.

1878లో నంజనగూడులో పుట్టి, మదరాసు వచ్చి, సంగీత విద్వాంసురాలిగా ఈ జార్జ్ టౌన్‌లోనే పేరు తెచ్చుకున్న నాగరత్నమ్మను తమిళనాట అందరూ తిరువయ్యారుతో ముడిపెట్టి తలచుకుంటారు. శిథిలమైపోతున్న త్యాగరాజ స్వామి సమాధి చుట్టూ స్థలం సంపాదించి, తన సొంత సంపాదన పోసి గుడి కట్టించిందీ, ఆరాధనోత్సవాలలో స్త్రీలు పాడడానికి వీల్లేదన్న రోజులలో స్త్రీల కోసం వేరుగా ఉత్సవం నడిపి, చివరికి అందరితో సమానంగా పాడే హక్కు సాధించిందీ ఆమే. మన తెలుగువారు ఆమెను గుర్తుంచుకోవలసిన కారణం మరొకటి ఉంది. 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాసిన 584 పద్యాల శృంగార ప్రబంధం రాధికాసాంత్వనమును, అంతకుముందు వచ్చిన ముద్రణలో కోత పడిన భాగాలతో సహా పరిష్కరించి, 1910లో వావిళ్ల వారి చేత అచ్చు వేయించింది నాగరత్నమ్మ. మరుసటి ఏడాదే అశ్లీలమన్న పేరుతో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించి ప్రతులను స్వాధీనం చేసుకుంది. ఆ నిషేధం తొలగడానికి 1947 దాకా, అంటే టంగుటూరి ప్రకాశం గారు మదరాసు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల దాకా ఆగవలసి వచ్చింది.

ఈ కథ చెబుతూ గైడ్ తన సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఒక జిరాక్స్ కాగితం తీశారు. ఆ పుస్తకపు అవతారికలోని ఒక పుట అది. పాత అచ్చు కాబట్టి అక్షరాలు కొంచెం అలుక్కుపోయి ఉన్నాయి. మార్జిన్లో ఎవరో పెన్సిలుతో తమిళంలో ఏదో రాసుకున్నారు. "ఏడాదిగా ఇది పట్టుకుని తిరుగుతున్నాను, తెలుగు చదవడం నాకు రాదు. మీలో ఎవరైనా చదువుతారా?" అని ఆవిడ అడిగారు. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని, కాగితాన్ని చేతి దూరంలో పట్టుకుని, ముందు ఒకసారి లోలోపల చదువుకుని, తర్వాత తరగతిలో చదివినట్టుగా రాగం తీసి పద్యం చదివారు. కవులు సాధారణంగా తాత ముత్తాతల పేర్లు చెప్పుకునే చోట ముద్దుపళని తన నాయనమ్మ తంజనాయకి పేరు చెప్పుకుంది. పాత ముద్రణలో పోయినవి సరిగ్గా ఈ పద్యాల వంటివే. అత్తయ్య అర్థం చెప్పగా నేను తమిళంలోకి మార్చి చెప్పాను. పక్కనే తోపుడుబండి మీద జామకాయలు అమ్ముతున్న ముసలాయన కూడా బేరం ఆపి విన్నాడు. చూడడానికి ఒక్క శిలాఫలకమైనా లేని ఆ వీధిలో, దాదాపు ఒకటిన్నర శతాబ్దాల దూరంలో ఉన్న ఇద్దరు స్త్రీలు ఒకరి కోసం ఒకరు చేసిన పని అలా ఒక్క కాగితంలో మా చేతికి అందింది. యాత్ర రుసుములో సగం నా దృష్టిలో అక్కడే చెల్లిపోయింది.

అక్కడి నుంచి ట్రిప్లికేన్‌కు వచ్చి కస్తూర్బా గాంధీ ఆస్పత్రి ముందు ఆగాం. ఈ పేరు చెబితే పాతవాళ్లు కొందరు ఒక్క క్షణం ఆలోచిస్తారు. గోషా ఆస్పత్రి అంటే వెంటనే చెబుతారు. కాన్పుల వార్డుల ముందు పదకొండుమందిని గుంపుగా నిలబెట్టడం సబబు కాదని గైడ్ మమ్మల్ని లోపలికి తీసుకెళ్లలేదు, ఎదురుగా చెట్టు నీడన నిలబెట్టి చెప్పారు. ఆ నిర్ణయాన్ని నేను మెచ్చుకుంటున్నాను. ఒక న్యాయవాది భార్యగా మదరాసుకు వచ్చిన మేరీ షార్లీబ్, మగ డాక్టరు ఎదుటికి రాలేక కాన్పులలో ప్రాణాలు పోగొట్టుకుంటున్న స్త్రీలను గురించి విని, చూసి, తానే వైద్యం నేర్చుకోవాలని పట్టుబట్టింది. 1875లో మదరాసు వైద్య కళాశాల ఆమెతో పాటు మరి ముగ్గురు స్త్రీలను చేర్చుకుంది. ఇంగ్లండులోనే స్త్రీలకు వైద్య విద్య తలుపులు ఇంకా సరిగా తెరుచుకోని కాలం అది. ఆమె తర్వాత లండన్ వెళ్లి పట్టా పుచ్చుకుని తిరిగి వచ్చింది. పరదా పాటించే స్త్రీల కోసం 1885లో ఈ ఆస్పత్రి మొదలు కావడం వెనుక ఉన్న ప్రధాన శక్తి ఆమే. మొదట నుంగంబాక్కంలో నడిచి, తర్వాత ఇప్పుడున్న చోటికి మారింది. ఇక్కడి భవనానికి వెంకటగిరి రాజావారు లక్ష రూపాయలు విరాళమిచ్చారు. ఆ రోజులలో లక్ష అంటే మాటలు కాదు. నెల్లూరు జిల్లావాళ్లం కాబట్టి వెంకటగిరి అన్న మాట వినగానే అత్తయ్య ముఖం వెలిగింది. మా అమ్మాయి తన నోటు పుస్తకంలో ఆ ఒక్క వాక్యం కింద రెండు గీతలు గీసింది.

ఇక ఐస్ హౌస్. ఇక్కడే నాకు ఈ యాత్ర మీద అసంతృప్తి కలిగింది, అందుకే కొంచెం విస్తరించి రాస్తున్నాను. సముద్రానికి ఎదురుగా, ముందు భాగం గుండ్రంగా ఉండే ఈ కట్టడాన్ని 1842లో అమెరికా వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ మంచు దిమ్మలు నిల్వ చేయడానికి కట్టించాడు. మసాచుసెట్స్‌లో గడ్డకట్టిన చెరువుల నుంచి కోసిన మంచు ఓడలలో ఇక్కడికి వచ్చేది. కృత్రిమంగా మంచు తయారుచేయడం మొదలయ్యాక ఆ వ్యాపారం మూతపడి, భవనం బిళిగిరి అయ్యంగారు అనే న్యాయవాది చేతికి వచ్చింది. 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానందుడు పడమటి దేశాల నుంచి తిరిగి వచ్చినప్పుడు ఇక్కడ తొమ్మిది రోజులు బస చేశారు. ఇప్పుడిది రామకృష్ణ మఠం వారి నిర్వహణలో ఉన్న వివేకానందర్ ఇల్లం. లోపలి ప్రదర్శన స్వామీజీ గురించి ఉండడం సహజం, న్యాయం కూడా. దానిని అక్కడివారు ఎంతో శుభ్రంగా, శ్రద్ధగా ఉంచుతున్నారు.

మేము వచ్చింది మాత్రం సిస్టర్ సుబ్బలక్ష్మి కోసం. 1886లో మైలాపూరులో పుట్టి, పదకొండేళ్లు దాటీ దాటకుండానే భర్తను పోగొట్టుకున్న ఆ అమ్మాయికి తల గొరిగించి మూల కూర్చోబెట్టడానికి తండ్రి ఒప్పుకోలేదు, చదివించాడు. 1911లో ఆమె ప్రెసిడెన్సీ కళాశాల నుంచి బి.ఏ. పట్టా పుచ్చుకుంది. మదరాసు ప్రెసిడెన్సీలో పట్టభద్రురాలైన మొదటి హిందూ వితంతువు ఆమే. తనలాంటి బాలవితంతువులను చేరదీసి, ముందు ఎగ్మూరులోని ఒక ఇంట్లో, ఆ తర్వాత సర్కారు అప్పగించిన ఈ ఐస్ హౌస్‌లో ఉంచి చదివించింది. పొద్దున్నే వితంతువు ఎదురైతే అపశకునమని జనం నమ్మే రోజులు అవి. అలాంటి పిల్లలు పదుల సంఖ్యలో ఒకే చోట ఉంటామంటే ఇల్లు అద్దెకివ్వడానికి ఎవరు ముందుకొస్తారు? ఊరి ఇళ్లకు ఎడంగా, సముద్రపు గాలిలో ఒంటరిగా నిలిచిన ఈ పాత మంచు గిడ్డంగి ఆ పిల్లలకు ఇల్లయింది. పక్కనే ఉన్న లేడీ వెల్లింగ్‌డన్ శిక్షణ కళాశాలకు ఆమే మొదటి ప్రిన్సిపాలు. అందులో శిక్షణ పొందిన అమ్మాయిలు ఉపాధ్యాయినులై ఊరూరా వెళ్లారు. ఒకప్పుడు అశుభమని ముఖం తిప్పుకున్న జనమే తమ పిల్లలను వీళ్ల దగ్గరికి చదువుకు పంపారు.

ఇంత పెద్ద విషయానికి మా యాత్రలో దక్కింది ఎనిమిది నిమిషాలు. ఆలస్యం వల్ల గైడ్ తొందరపడి, మమ్మల్ని నేరుగా లోపలికి పంపి, నలభై నిమిషాలు ప్రదర్శన చూసి రమ్మన్నారు. సుబ్బలక్ష్మి గురించి తిరిగి వ్యాను ఎక్కేటప్పుడు గబగబా చెప్పారు. లోపల చూసే గుండ్రటి గదులలో, ఆ మందపాటి గోడల మధ్య వందేళ్ల కిందట పిల్లలు పలకలు పట్టుకుని కూర్చున్నారన్న సంగతి లోపల ఉన్నంతసేపూ మాలో ఎక్కువమందికి తెలియదు. ముందు బయట మెట్ల దగ్గర కూర్చోబెట్టి ఈ కథ చెప్పి, ఆ తర్వాత లోపలికి పంపి ఉంటే ప్రతి గదినీ మేము మరో కంటితో చూసేవాళ్లం. స్త్రీల చరిత్ర పేరు మీద రుసుము తీసుకునే యాత్రకు ఇది చిన్న లోపం కాదు. ఇటువంటి భవనాలలో ఆడవారి జాడ గోడల మీద కనబడదు. చెప్పేవారు చెబితేనే అది కనబడుతుంది. గైడును వెంటబెట్టుకుని వెళ్లడానికి అసలు కారణం అదే. ఈ మాట యాత్ర ముగిశాక ఆవిడతోనే చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారు, వరుస మారుస్తామన్నారు.

క్వీన్ మేరీస్ కళాశాల దగ్గర అనుమతి ముందే తీసుకున్నందువల్ల ఆవరణలోకి కొంతదూరం వెళ్లగలిగాం. 1914 జూలైలో మదరాసు మహిళా కళాశాలగా కేపర్ హౌస్ అనే భవనంలో మొదలై, 1917లో క్వీన్ మేరీ పేరు పెట్టుకున్న ఈ కళాశాలకు మొదటి ప్రిన్సిపాలు డొరతీ డి లా హే. కేపర్ హౌస్ ఇప్పుడు లేదు. 2003లో ఈ ఆవరణలో సచివాలయం కట్టాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు విద్యార్థినులు గేట్లు మూసుకుని లోపలే బైఠాయించి కళాశాలను నిలబెట్టుకున్నారు. గైడ్ ఈ ఘట్టాన్ని చాలా బాగా చెప్పారు. చరిత్ర అంటే తెల్లదొరసానుల కాలం నాటిది మాత్రమే కాదని, పాతికేళ్లయినా నిండని సంగతి కూడా అందులో భాగమేనని మా అమ్మాయికి ఇక్కడే తెలిసివచ్చింది. ఎదురుగా మెరీనాలో 1968 ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా పెట్టిన విగ్రహాలలో పాతకాలపు తమిళ కవయిత్రి అవ్వైయార్, శిలప్పదికారం కావ్య నాయిక కణ్ణగి ఇద్దరూ ఉన్నారు. కణ్ణగి విగ్రహాన్ని 2001 డిసెంబరులో తొలగించి మళ్లీ 2006లో నిలబెట్టిన సంగతిని వ్యాను కదులుతుండగానే చెప్పి ముగించారు.

భోజనం మైలాపూరులో ఒక మెస్సులో పెట్టించారు. అరిటాకు, సాంబారు, కూటు, రసం, అప్పడం. రుచికి వంక పెట్టడానికి ఏమీ లేదు.

మధ్యాహ్నపు మజిలీల జాబితాలో లేని ఒక చోటును నేనే అడిగి చేర్పించవలసి వచ్చింది. అడయారు వైపు వెళ్లే దారిలోనే దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు ఉంది, ఆ రోడ్డులోనే ఆంధ్ర మహిళా సభ ఉంది. ఇంత ముఖ్యమైన సంస్థను స్త్రీల చరిత్ర చూపించే యాత్రలో ఎందుకు చేర్చలేదో నాకు అర్థం కాలేదు. డ్రైవరు ఐదు నిమిషాలే ఆపగలనన్నాడు. అందువల్ల ఈసారి చెప్పవలసిన బాధ్యత అత్తయ్య మీద పడింది. 1909లో రాజమహేంద్రవరంలో పుట్టిన దుర్గాబాయి, 1923 కాకినాడ కాంగ్రెసు సభల ఖద్దరు ప్రదర్శనలో వాలంటీరుగా ఉండి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే లోపలికి రానివ్వని సంగతితో మొదలుపెట్టారు. బాల్యంలోనే చేసిన పెళ్లిని పెద్దయ్యాక కాదనుకున్న ధైర్యం, ఉప్పు సత్యాగ్రహం రోజులలో ఇదే మదరాసులో అరెస్టు, మదురై జైలులో ఏకాంత నిర్బంధం, ఆ తర్వాత పట్టుబట్టి మెట్రిక్ నుంచి న్యాయశాస్త్రం దాకా చదవడం, 1942లో ఈ నగరంలోనే లా పట్టా, రాజ్యాంగ సభ సభ్యత్వం, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు మొదటి అధ్యక్ష పదవి. వీటన్నిటికీ మధ్యలో, 1930ల చివర, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను కూర్చోబెట్టి బెనారస్ విశ్వవిద్యాలయపు మెట్రిక్ పరీక్షకు తయారుచేయడంతో ఈ నగరంలో ఎదిగిన సంస్థ ఆంధ్ర మహిళా సభ.

"మా అమ్మ పిన్నిగారు ఇక్కడ చదువుకునే టీచరమ్మ అయ్యారు. పదిహేనేళ్లకే బొట్టు పోయింది ఆవిడకి" అని అత్తయ్య చివర్లో అన్నారు. మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు. ఉదయం ఐస్ హౌస్ ముందు కూడా చెప్పలేదు. ఆ పిన్నిగారి పేరేమిటని మా అమ్మాయి అడిగితే పేరు చెప్పి, ఆవిడ పంపిన మనియార్డరుతోనే తాను పండిత శిక్షణకు ఫీజు కట్టానని కూడా చెప్పారు. ఐదు నిమిషాలు పదిహేనయ్యాయి. డ్రైవరు హారన్ కొట్టలేదు.

అడయారులో మూడు చోట్లు. అవ్వై హోమ్, క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ రెండూ డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి నెలకొల్పినవే. ఒకటి పిల్లలుండే చోటు, మరొకటి రోగులుండే చోటు. రెండింటినీ బయటి నుంచే చూశాం. పుదుక్కోట్టైలో 1886లో పుట్టి, 1912లో మదరాసు వైద్య కళాశాల నుంచి పట్టభద్రురాలైన ముత్తులక్ష్మి 1927లో మదరాసు శాసనమండలిలో సభ్యురాలై, ఆ మండలికి ఉపాధ్యక్షురాలుగా ఎన్నికయ్యారు. దేవదాసీ వ్యవస్థను రద్దు చేయాలని ఆవిడ మొదలుపెట్టిన పోరాటం 1947లో చట్టమై ముగిసింది. ఆ వ్యవస్థ నుంచి బయటపడదలచిన అమ్మాయిలు వచ్చి తలుపు తడితే, వారికి తన ఇంట్లోనే చోటివ్వడంతో అవ్వై హోమ్ మొదలైంది. చెల్లెలు క్యాన్సరుతో చనిపోయిన దుఃఖం ఆవిడను ఆస్పత్రి వైపు నడిపించింది. 1954 జూన్‌లో పన్నెండు పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెరుచుకుంది.

ఈ యాత్రకు నేను ఇచ్చే ప్రశంసలలో పెద్దది ఇక్కడి కథనానికే. ఉదయం ఎంతో గౌరవంతో పరిచయం చేసిన నాగరత్నమ్మ, మధ్యాహ్నం అంతే గౌరవంతో పరిచయం చేసిన ముత్తులక్ష్మి ఇద్దరూ ఒకే విషయంలో ఎదురెదురు పక్షాలలో నిలిచారని గైడ్ దాచకుండా చెప్పారు. దేవదాసీ కుటుంబం నుంచే వచ్చిన నాగరత్నమ్మ, ఈ బిల్లు తమ కళను, ఆస్తి హక్కులను, గౌరవాన్ని తుడిచిపెడుతుందని వాదించి, మదరాసు దేవదాసీల సంఘం తరఫున వినతిపత్రాలు ఇచ్చింది. తల్లి అదే సమాజానికి చెందిన ముత్తులక్ష్మి, చిన్నపిల్లలను గుడికి అంకితమివ్వడం ఆగనిదే మరో దారి లేదని వాదించింది. ఎవరు ఒప్పు అని మాలో ఒకాయన గైడును నిలదీస్తే, ఇద్దరి మాటలనూ ఆ రోజులలోని పిల్ల వైపు నుంచి ఒకసారి, పాడి బతికే పెద్దావిడ వైపు నుంచి ఒకసారి వినమన్నారు. అత్తయ్య నాగరత్నమ్మ పక్షం, మా అమ్మాయి ముత్తులక్ష్మి పక్షం. రాత్రి ఇంటికి చేరే దాకా ఆ వాదన సాగింది. సాధారణంగా ఇటువంటి యాత్రలలో గొప్పవారందరూ ఒకే మాట మీద ఉన్నట్టు చెబుతారు. ఇక్కడ అలా చెప్పకపోవడం వల్ల ఆ ఇద్దరూ నాకు పటంలోని బొమ్మలుగా కాక మనుషులుగా తోచారు.

దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) ఆవరణకు చేరేసరికి బాగా పొద్దుపోయింది. 1917 మే నెలలో మార్గరెట్ కజిన్స్, డొరతీ జినరాజదాస, అనీబిసెంట్ మొదలైనవారు కలిసి భారత మహిళా సంఘాన్ని స్థాపించింది అడయారులోనే. అదే ఏడాది డిసెంబరులో ఈ నగరానికి వచ్చిన భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి స్త్రీలకు ఓటు కావాలని అడిగిన బృందానికి నాయకత్వం వహించింది హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు. 1921లో మదరాసు ప్రెసిడెన్సీ స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చింది. అయితే అది ఆస్తి అర్హత ఉన్న కొద్దిమందికే. 1989 తుపానులో మూలకాండం కూలిపోయినా ఊడలతో నిలిచిన పెద్ద మర్రిచెట్టును ఇరవై నిమిషాల నడకలో చూసి వచ్చాం. ఇక్కడి సందర్శన వేళలు పరిమితం కాబట్టి సొంతంగా వెళ్లేవారు ముందే కనుక్కుని వెళ్లాలి.

రుక్మిణీదేవి అరుండేల్ 1936లో స్థాపించిన, ఇప్పుడు తిరువాన్మియూరులో ఉన్న నృత్య సంగీత విద్యాలయం కళాక్షేత్రం చివరి మజిలీ. ఉదయపు ఆలస్యం పుణ్యమా అని తరగతులు ముగిసిపోయాయి. చెట్ల కింద పావుగంట తిరిగి వచ్చాం. తంజావూరు దగ్గరి మెలట్టూరు ఊరి భాగవత మేళ నాట్య సంప్రదాయం, అందులోని తెలుగు నాటకాలు ఆవిడ ద్వారా ఈ వేదికకు వచ్చిన సంగతిని గైడ్ ఒక్క వాక్యంలో చెప్పారు. తెలుగువారు అడిగితే ఇంకా చెప్పగలనన్నారు కానీ వెలుతురు లేదు. కళాక్షేత్రాన్ని మరో ఉదయం విడిగా చూడడమే మంచిది.

సౌకర్యాల సంగతి. వ్యానులో ఏసీ బాగా పనిచేసింది. మంచినీళ్లకు లోటు లేదు. ఎండ వేళ జార్జ్ టౌన్, మెరీనా నడకలు కలిపి రెండు గంటలకు తక్కువ కాదు. డెబ్బై దాటిన మా అత్తయ్య నడవగలిగారు, అయితే మోకాళ్ల నొప్పులున్నవారు మడత కుర్చీ అడిగి తెచ్చుకోవడం మంచిది. అడిగితే ఇస్తారు, అడగకపోతే వారంతట వారు చెప్పరు. భోజనానికి ముందు శుభ్రమైన మరుగుదొడ్డి దొరికింది ఐస్ హౌస్‌లోనే. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా ఆ వసతి లేదు. ఎక్కువమంది స్త్రీలే వచ్చే యాత్రలో ఈ ఏర్పాటు ముందే ఆలోచించాలి. పిల్లలకు రుసుములో తగ్గింపు లేదు. ప్లస్ వన్ పిల్లలకు ఈ యాత్ర చాలా ఉపయోగం. పదేళ్లలోపు పిల్లలు మధ్యాహ్నానికే విసుగెత్తిపోతారు.

ఐదుకు ఎంత ఇస్తావంటే మూడున్నర ఇస్తాను. గైడ్ ఒక్కరికే అయితే నాలుగున్నర. సమయపాలన, మజిలీల వరుస, ఆంధ్ర మహిళా సభను చేర్చకపోవడం ఈ మూడింటి వల్ల మిగతా మార్కులు తగ్గాయి. ఆలస్యం గురించి రాసిన ఈ-మెయిల్‌కు బృందం వారు మర్నాడే జవాబిచ్చారు. ఐస్ హౌస్ కథను ఇక మీదట బయట మెట్ల దగ్గరే చెబుతామని, కళాక్షేత్రాన్ని విడదీసి ఆ సమయాన్ని దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డుకు కేటాయిస్తామని అందులో ఉంది. ఎనిమిదిమంది కూడితే తెలుగులో కూడా యాత్ర నడుపుతామని, జార్జ్ టౌన్‌లో పద్యం చదవడానికి అత్తయ్యగారు మళ్లీ రాగలరా అని కూడా అడిగారు. ఆవిడ అప్పుడే రాధికాసాంత్వనము పూర్తి ప్రతి తెప్పించుకుని, చదవవలసిన పద్యాలకు కాగితం ముక్కలు పెట్టుకుంటున్నారు. మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికి ఐదుగురు వస్తామన్నారు. ఇంకా మూడు సీట్లున్నాయి.